ఎండపాయ మీద పందిరి

హైదరాబాద్,
11 ఫిబ్రవరి 2007

యశోదకు,

సీసాలు అందాయి. ఆరింట్లో ఒకదాని మూత ఊడి బస్సు డ్రైవర్ తువ్వాలంతా ఆకుపచ్చగా అయిందట. ఈసారి పచ్చడి సీసా అయితేనే ఎక్కించుకుంటానని మణుగూరు టీచరమ్మకు చెప్పమన్నాడు. ఆయన్ని నువ్వే సముదాయించుకో.

పోయిన నెల నేను వచ్చినప్పుడు హడావిడిలో సగం చెప్పి సగం మింగేశాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను, ఈ ఉత్తరం దాచిపెట్టుకో. ఎప్పుడో బొగ్గు కోసం వేసి వదిలేసిన బోరులోంచి మీ గుంపు ఇళ్ల పక్కన ఉడుకు నీళ్లు వస్తాయి కదా, ఆ కాలవ అడుగున పరుచుకున్నది ఉత్త పాచి అనుకోకు. కోట్లాది బ్యాక్టీరియా. ఆకుల్లాగే అవీ వెలుతురుతోనే బతుకుతాయి. నలభై ఎనిమిది డిగ్రీల నీళ్లలో, నెత్తిన ఎండ పెట్టుకుని, పారిపోవడానికి కాళ్లు కూడా లేకుండా బతుకుతాయి. ఎలా బతుకుతున్నాయన్నదే నా ఐదేళ్ల చదువు.

వెలుతురు వాటికి తిండే. కానీ వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ పడితే అదే లోపల విషమై వాటిని కాల్చేస్తుంది. అందుకని కాషాయం రంగు పదార్థం ఒకటి తయారుచేసుకుంటాయి. అన్నం ఉడికాక గంజి వార్చినట్టు, అక్కర్లేని వెలుతురును అది వేడిగా మార్చి బయటికి వార్చేస్తుంది. చలికాలం పచ్చగా ఉన్న కాలవ ఎండలు ముదిరేసరికి కాషాయానికి తిరగాలి. ఎన్ని రోజుల్లో తిరుగుతుంది, ఎంత ఎండకు ఎంత రంగు వస్తుంది, నీళ్ల వేడి కూడా తోడైతే ఏమవుతుంది, ఇవీ మనం కొలవాల్సినవి.

కాలవను రెండు పాయలు చేశాం. తాటాకు చాప కప్పింది నీడపాయ, కప్పనిది ఎండపాయ. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి రెండిట్లోనూ థర్మామీటర్ పెట్టి అంకె రాయి. వారానికోసారి రెండిటి అడుగు నుంచీ కొంచెం గీకి సీసాల్లో పంపు. ఎండపాయ మీద చెట్టుకొమ్మ నీడ కూడా పడకూడదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతావన్నీ మరిచిపోయినా క్షమిస్తాను.

జూన్ ముప్పైతో నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఈ ఎండాకాలం కొలతలు చేతికి రాకపోతే ఐదేళ్లూ గంగలో కలిసినట్టే. ఖమ్మం కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు నా రికార్డు పుస్తకంలో బొమ్మలన్నీ నువ్వే వేసిపెట్టావు. ఇదీ అలాంటిదే అనుకో. ఇంత పని నిన్ను తప్ప ఇంకెవరినీ అడగలేను.

నీ
ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు, మణుగూరు మండలం,
4 మార్చి 2007

ఆతియాకు యశోద రాసేది,

డ్రైవర్‌కు కొత్త తువ్వాలు కొనిచ్చాను, దాంతోపాటు చింతకాయ పచ్చడీ ఇచ్చాను. ఇకనుంచి నీ బ్యాక్టీరియాకు కిటికీ పక్క సీటు గ్యారంటీ.

కాలవ ఇంకా పచ్చగానే ఉంది, కానీ ఎండపాయ అంచుల్లో పసుపు పూసినట్టు మొదలైంది. నేను కిరాయికి ఉంటున్న ఇంటి రామక్క నాకంటే ముందే కనిపెట్టింది. నేను రోజూ థర్మామీటర్ పట్టుకుని కాలవ దగ్గరికి పోతుంటే ఆమెకు నవ్వు. "నీళ్లకు జరమొచ్చిందా ఏంది, దినాం సూస్తున్నవ్?" అంటుంది. అవ్ రామక్కా, నలభై ఎనిమిది అన్నాను. "అయితే గోలీ ఎయ్యరాదు" అని పోయింది. రెండు రోజుల నుంచి తనే నా వెంట వచ్చి, సీసాలు కడిగి పెడుతోంది.

ఒంటిపూట బడులు పెడితే పన్నెండింటికల్లా కాలవ దగ్గరికి చేరడం సులువవుతుంది. ఇప్పుడు పిల్లలకు అన్నాలు పెట్టి పరుగెత్తాల్సి వస్తోంది. ఎండకు కాసేపు తల దిమ్మెక్కుతోంది. పెద్ద విషయమేం కాదులే. రేపటి నుంచి గొడుగు తెచ్చుకుంటాను.

ఎండంటే ఇక్కడివాళ్లకున్న భయం మన ఖమ్మంలో లేదు ఆతియా. పోయినేడు బావి తవ్వుతూ ఒకతను వడదెబ్బకు పడిపోతే, ఆ చోట పందిరి వేసేదాకా ఎవరూ మళ్లీ పార పట్టలేదట. మనిషిని పడగొట్టిన ఎండను రెండోసారి అతని మీద పడనీయకూడదంట. ఇది గుంపు కట్టుబాటు అని పెద్దమనిషి సీతయ్య చెప్పాడు. నీ చదువుకు పనికొస్తుందేమోనని రాశాను.

మీ అమ్మీని అడిగానని చెప్పు.

యశోద


హైదరాబాద్,
25 మార్చి 2007

యశోదా,

ఏప్రిల్ 28న కమిటీ కూర్చుంటోంది. కొత్త సంగతేదైనా చూపిస్తే ఇంకో ఏడాది గడువిస్తారు, లేకపోతే జూన్‌తో సరి. మా గైడు హైమ మేడం మొహం మీదే చెప్పేశారు. "రంగు మారుతుందని నాకూ తెలుసు. ప్రపంచానికి తెలియనిది ఏముంది నీ దగ్గర?" అని. 

రోజుకొక్క కొలత చాలదు. పదకొండు నుంచి మూడు దాకా గంటగంటకూ కావాలి. ఏప్రిల్ ఎండలే మనకు ముఖ్యం, ఒక్కరోజు కూడా తప్పకూడదు. నీ పోయిన ఉత్తరంలో గొడుగు అన్నావు. వద్దు. వంగి థర్మామీటర్ చూసేటప్పుడు దాని నీడ ఎండపాయ మీద పడుతుంది.

రాములవారి కల్యాణానికి బస్సులన్నీ భద్రాచలం జనంతో నిండిపోతాయి. సీసాలు నువ్వే బస్టాండుకు తీసుకెళ్లి డ్రైవర్ చేతికి ఇవ్వు, ఎవరితోనూ పంపకు.

ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు,
14 ఏప్రిల్ 2007

ఆతియాకు,

కొలతలూ సీసాలూ పంపుతున్నాను. ఏప్రిల్ 3 నుంచి 13 దాకా పన్నెండు గంటల అంకె ఒక్కటే ఉంటుంది. బడిలో పరీక్షలు, అన్ని గంటలకూ పోవడం కుదరలేదు. ఏమీ అనుకోకు. పెన్ను సరిగా రాయక అక్షరాలు వంకరపోయాయి.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

యశోద


హైదరాబాద్,
18 ఏప్రిల్ 2007

యశోదా! యశోదా!

తొందరలో రాస్తున్నాను, నా అక్షరాలూ వంకరపోతే నువ్వే సర్దుకుని చదువుకో.

నువ్వు ఈసారి పంపిన ఎండపాయ సీసా తెరిచాను. పచ్చగా ఉంది! ఏప్రిల్ మండుటెండలో, నలభై తొమ్మిది డిగ్రీల నీళ్లలో, కాషాయానికి తిరగాల్సింది పచ్చగా, హాయిగా ఉంది. రంగులు విడదీసి మూడుసార్లు కొలిచాను. మార్చిలో వచ్చిన కాస్త కాషాయం కూడా తగ్గిపోయింది. అంటే ఏంటో తెలుసా? గంజి వార్చే ఆ రంగు లేకుండానే ఇవి ఎండను తట్టుకుంటున్నాయి. ఇంకేదో ఉపాయం ఉంది వీటి దగ్గర, ఎవరికీ తెలియనిది. మేడం తన కుర్చీలోంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చి చూశారు. ఐదేళ్లలో మొదటిసారి.

ఒక్కమాట. మేడం అడగమన్నారు, నాకైతే అనుమానం లేదు. ఎండపాయ మీద నీడ ఏమీ పడలేదు కదా? కొమ్మగానీ, గుడ్డగానీ, ఇంకేదైనా గానీ? వెంటనే రాయి. నీ ఉత్తరం పట్టుకునే కమిటీ ముందుకు పోతాను.

నీ
ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు,
21 ఏప్రిల్ 2007

ఆతియాకు,

నీడ ఏమీ పడలేదు.

నీకు మంచి జరగాలని కోరుకుంటున్నాను.

యశోద


హైదరాబాద్,
1 మే 2007

బంగారు తల్లీ,

ఏడాది గడువు ఇచ్చేశారు! కమిటీలో ఒకాయన కొంచెం సణిగాడు, "అంత మారుమూల కొలతలు తీసింది ఎవరు?" అని. నా చిన్ననాటి స్నేహితురాలు, నా కళ్లకంటే ఆమె కళ్లను ఎక్కువ నమ్ముతానన్నాను.  బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అబ్బాకు ఫోన్ చేస్తే తన సైకిల్ షాపులో ఉన్నవాళ్లందరికీ చాయ్ తాగించారట.

ఇక సైన్స్ పత్రికకు పేపర్ రాస్తున్నాం. మే నెలాఖరుకు పంపాలని మేడం తొందర. దానికి రెండు కావాలి. ఎండపాయ ఫొటో ఒకటి, పైన ఆకాశం తప్ప ఏమీ లేదని తెలిసేలా. ఇంకో విడత సీసాలు. మణుగూరు స్టూడియో వాళ్లను తీసుకెళ్లు. పేపర్ చివర నీ పేరు వేయిస్తున్నాను, చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ నా నోరు ఊరుకుంటుందా!

నీ
ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు,
12 మే 2007

ఆతియా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఎండపాయ చచ్చిపోయింది. నిన్న పొద్దున చూస్తే కాలవ అడుగంతా తెల్లగా ఉంది. వేలు పెడితే పొరలు పొరలుగా ఊడి నీళ్లలో కొట్టుకుపోతోంది. చంపింది నేను.

ఏప్రిల్ 2న రెండింటి కొలత రాసి లేవబోయాను. కాలవ గట్టు గిర్రున తిరిగింది. అంతే, మళ్లీ కళ్లు తెరిచేసరికి మణుగూరు దవాఖానాలో ఉన్నాను, చేతికి సెలైన్. వడదెబ్బ అన్నారు. నాలుగు రోజులు అక్కడ, తర్వాత వారం ముదిగొండలో మా అక్క దగ్గర. నేను పంపిన పదకొండు రోజుల అంకెలు నేను చూసినవి కావు. రామక్క చూసింది. ఆమెకు అంకెలు రావు కదా. పొద్దు నెత్తిమీదికి రాగానే వెదురుబద్దను థర్మామీటర్ పక్కన ఆనించి, పాదరసం ఎక్కడిదాకా ఉందో అక్కడ కత్తితో గాటు పెట్టింది. ఒక అంచున ఎండపాయకు, రెండో అంచున నీడపాయకు. రోజుకొక బద్ద. నేను వచ్చాక వాటిని థర్మామీటర్ పక్కన పెట్టి అంకెలు రాసుకున్నాను. ఆ అంకెలు నిజం ఆతియా. అబద్ధం వేరే ఉంది.

నేను తిరిగొచ్చేసరికి కాలవ మీద పందిరి. రెండు పాయల మీదా, ఈ చివర నుంచి ఆ చివరకు. ఏప్రిల్ 3నే వేశారట. సీతయ్య ఎంతో సంతోషంగా చూపించాడు. "నిన్ను పడగొట్టిన ఎండ మళ్ల నీ మీద పడొద్దు బిడ్డా. గా సోటంత కప్పినం" అన్నాడు. ఇంటికొక మనిషి వచ్చి వేశారట, కూలి పని మానుకుని. తీసేయండని ఎలా అనను? ఏమని చెప్పను, నాకంటే ఆ పాచికే ఎండ ముఖ్యమనా? నిజం దాచను, ఆ నీడలో కూర్చుంటే నాకూ ప్రాణం లేచొచ్చింది. పల్చటి నీడేలే, నాలుగు రోజులకు ఏమవుతుందనుకున్నాను. నువ్వు నీడ పడిందా అని అడిగినప్పుడు రెండు కాగితాల నిండా నిజం రాసి చింపేశాను. నీ సంతోషం ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు.

తర్వాత ఫొటో అడిగావు. మే 8న పొద్దున్నే సీతయ్యతో చెప్పి పందిరంతా ఒక్క పూటలో తీయించాను. "బాగైనవా బిడ్డా, ఇగ నీడ వద్దా?" అని అడిగాడు. బాగైనానన్నాను. ఫొటో తీయించి 9న నీకు పంపాను. అందులో కాలవ ఎంత అందంగా ఉందో చూసే ఉంటావు. మూడు రోజులకే ఇలా అయింది.

తిట్టు. ఏమన్నా పడతాను. ఆ పేపర్ మాత్రం పంపకు.

యశోద


హైదరాబాద్,
17 మే 2007

యశోదా,

నీ ఉత్తరం అందింది.

నువ్వు చెప్పిన ఒక్క మాట పట్టుకుని పదిమంది ముందు నిలబడ్డాను. నీ కళ్లను నా కళ్లకంటే నమ్ముతానన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

ఇక సీసాలు పంపకు.

ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు,
21 మే 2007

ఆతియాకు,

వద్దన్నా పంపుతున్నాను. విసిరేసినా సరే, ఒక్కసారి మూత తీసి చూసి విసిరెయ్.

పందిరికి తాటాకు చాలక తూర్పు చివర నాలుగు బారల మేర నేరేడు కొమ్మలు కప్పారట. అక్కడ పందిరి చేతికందేంత ఎత్తే. సీతయ్య మేకలు రోజూ ముందుకాళ్లు ఎత్తి ఆ ఆకు కొంచెం కొంచెం తిన్నాయి. నేను అదిలించలేదు, మేకలు ఆకు తింటే నాకేంటని. మే 8న మేం పందిరి తీసేనాటికి ఆ చివర ఉత్త పుల్లలే మిగిలాయి.

కాలవ తెల్లబడ్డాక నేను ఆ చివరకు పోనేలేదు, నిన్న రామక్క నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "గీ దిక్కు సూడు. తాటాకు కింద ఉన్నదంతా సచ్చింది. మేకలు తిన్న కాడ సావలే" అంది. నిజమే. అదే కాలవ, అవే నీళ్లు, అదే ఎండ. అక్కడ మాత్రం కాషాయం రంగులో, పట్టుచీర అంచులా మెరుస్తోంది. "ఎందుకు బతికింది రామక్కా?" అన్నాను. "జరంత జరంత ఎండ సూసింది గద, అలవాటు పడ్డది. మిగిలినదాన్ని నువ్వు ఒక్కపాలి ఎండల నూకినవ్" అంది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

మొదటి సీసా తాటాకు కింద చచ్చినది. రెండోది మేకలు తిన్నచోటిది. వెదురుబద్దలు పదకొండూ నా దగ్గర కట్ట కట్టి ఉన్నాయి. నీకు అక్కర్లేకపోయినా పారేయను.

ఇంతకంటే ఏం రాయను. నువ్వు నాతో మాట్లాడకపోతే ఇక్కడ నాకేమీ తోచదు.

యశోద


ఖమ్మం,
27 మే 2007

యశోదా,

అమ్మీ వాళ్ల దగ్గరికి వచ్చాను. చెప్పాల్సింది చాలా ఉంది, వరుసగా చెప్తాను.

నువ్వు దాచావని అంత మాటన్నాను కదా, నేను కూడా దాచాను. నీ ఉత్తరం 16న అందింది. దాన్ని పుస్తకంలో పెట్టి మూసేశాను. నీ ఫొటో నా దగ్గరుంది, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు, కాలవ పచ్చగా మెరుస్తోంది. ఇక ఎవరికి అనుమానం వస్తుంది? మేడం పేపర్ సిద్ధం చేసి కవరు నా చేతికిచ్చి, ఫొటో అతికించి పోస్ట్ చేయమన్నారు. ఫొటో అతికించాను యశోదా. కవరు అంటించి బ్యాగులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. పోస్టాఫీసు ముందు నుంచే నాలుగుసార్లు పోయాను.

23న నీ సీసాలు వచ్చాయి. విసిరేద్దామనే తీశాను. ఒకటి తెలుపు, ఒకటి కాషాయం.  ఐదేళ్లుగా నేను వెతుకుతున్నది మీ సీతయ్య మేకలు చేసి పెట్టాయి. నీడలో పది రోజులుంటే చాలు, ఇవి తమ కాషాయాన్ని వదిలేసుకుంటాయి, అక్కర్లేదు కాబట్టి. మళ్లీ తయారుచేసుకోవాలంటే రోజులు కావాలి. చల్లటి నీళ్లలోనైతే ఎండకు పాడైన భాగాలను ఎప్పటికప్పుడు బాగుచేసుకోగలవేమో, ఉడుకు నీళ్లలో ఆ తీరిక కూడా ఉండదు. అందుకే ఎండా వేడీ కలిసి ఒక్కసారే మీద పడితే మూడు రోజుల్లో తెల్లబోయాయి. కొంచెం కొంచెంగా వెలుతురు చూసినవి ఆ కొంచెం కొంచెంలోనే రంగు కూడగట్టుకుని బతికాయి. నాకు ఇలాగే అనిపిస్తోంది. కానీ మేకలు ఏ రోజు ఎంత తిన్నాయో ఎవరూ రాయలేదు కదా, నిరూపించాలంటే మళ్లీ చేసి చూడాలి.

మర్నాడు కవరూ, నీ ఉత్తరాలూ, సీసాలూ మేడం బల్ల మీద పెట్టాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. అన్నీ చదివి, "ఈ పేపర్ మీద నా పేరు కూడా ఉంది ఆతియా. ఇది పోస్ట్ చేసి ఉంటే?" అన్నారు. కవరు తీసుకుని తన సొరుగులో వేసి తాళం వేశారు. శుక్రవారం కమిటీకి తనే చెప్పారు. ఏడాది గడువు రద్దయింది. బయటికొచ్చేటప్పుడు ఒక్క మాటన్నారు, "జూన్ ముప్పై సాయంత్రం ఐదింటి దాకా నువ్వు నా స్టూడెంట్‌వే" అని. ఇక నాకున్నది ఆ రోజులే. అందులోనూ ఎండ ఉండేది రోహిణి కార్తె దాటి వానలు దిగేదాకే. మబ్బు పట్టిందంటే ఇక కొలిచేదేమీ ఉండదు.

రైల్లో వస్తూ నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. మార్చి 4న రాశావు, ఎండకు తల దిమ్మెక్కుతోందని. దానికి నేనేం జవాబిచ్చాను? గంటగంటకూ నిలబడమన్నాను. గొడుగు వద్దన్నాను. నువ్వు దవాఖానాలో పడ్డావని తెలిశాక కూడా ఎలా ఉన్నావని అడగలేదు. ఎండ ఎక్కువైతే కణం లోపల ఏమేం చెడుతుందో నాకు నోటికొచ్చు, నా యశోదకు ఏమవుతుందో ఆలోచించడం మాత్రం రాలేదు. నువ్వు నాతో నిజం చెప్పడానికి భయపడ్డావంటే ఆ భయం నేను పెట్టిందే. నన్ను క్షమించు. ఇది ఎదురుగా చెప్పాల్సిన మాట, కానీ ఎదురుగా చెప్పేటప్పుడు నేను ఏడుపు మొదలుపెట్టి చెడగొడతాను, అందుకని ఇక్కడే రాసేస్తున్నాను.

శుక్రవారం, జూన్ 1న వస్తున్నాను. ఇది అందగానే మేకలు తిన్న చివర మళ్లీ ఆకు కప్పించు, సగం మేర. మిగతా సగం ఉన్నట్టే ఉండనీ. అవి నీడకు అలవాటు పడి పచ్చబడ్డాక కప్పినదాన్ని రెండు భాగాలు చేద్దాం. ఒక భాగంలో అంతా ఒక్కసారే తీద్దాం, రెండోదాంట్లో రోజుకు ఒక్క ఆకు. పదిహేను రోజులు ఎండ కాస్తే చాలు. ఆ వెదురుబద్దలు భద్రంగా ఉంచు. ఇన్నేళ్ల నా పనిలో నాకు అనుమానం లేని కొలతలు అవే. థీసిస్ అంటూ ఒకటి ఉంటే వాటి సంగతీ, రామక్క పేరూ, పందిరీ, మేకలూ, మనిద్దరం దాచినదీ అన్నీ అందులో ఉంటాయి.

నువ్వు మాత్రం ఎండలోకి అడుగు పెట్టకూడదు. మధ్యాహ్నం కాలవ దగ్గర నేను నిలబడతాను.

నీ
ఆతియా


ఉడుకుబుగ్గ గుంపు,
30 మే 2007

ఆతియా,

మొన్న బస్సులో వచ్చిన నీ ఉత్తరం రామక్కకూ సీతయ్యకూ చదివి వినిపించాను.  ఈ జవాబు ఖమ్మం బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను, రేపటికల్లా మీ సైకిల్ షాపులో ఇస్తానన్నాడు.

నువ్వు చెప్పినట్టే ఆ చివర సగం మేర ఆకు కప్పించాం. మేకల్ని సీతయ్య కట్టేశాడు. అవి చేసింది చదువని తెలిశాక వాటికి బాగా పొగరెక్కిందంటున్నాడు.

కాలవ దగ్గర నువ్వు నిలబడతానన్నావని చదివేసరికి రామక్క లేచి నిల్చుంది. "గిట్లెట్ల? యశోదమ్మను పడగొట్టిన సోటు గది. గామెనైనా ఉత్తగ నిలబెడ్తమా?" అంది. పాయ మీద నీడ పడకూడదు రామక్కా, పడితే అంతా మళ్లీ మొదటికొస్తుందని చెప్పాను. కాసేపు నన్నూ కాలవనూ మార్చి మార్చి చూసి, "నీళ్ల మీద ఎందుకేసినం మనం? మనిషి మీదేస్తే అయిపాయె గద!" అంది. ఇంత చిన్న సంగతి నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇద్దరం ఒకటే గోల, ఎండలో నిలబడడమా, నీళ్లను కప్పడమా అని.

సీతయ్య నిన్నంతా కర్రలు పాతి నీడ ఎటు జరుగుతుందో చూశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాయ మీద పడకుండా దక్షిణం గట్టున పందిరికి చోటు గీశాడు. థర్మామీటర్‌ను పొడుగాటి వెదురుకు కట్టాడు. నీడలో కూర్చునే నీళ్లలో ముంచి లాగి చూడొచ్చు. భద్రాచలం వైపు రెండు మబ్బులు తేలాయి గానీ ఇటు ఇంకా రాలేదు. నేను రోజూ అటే చూస్తున్నాను.

నీ ఎత్తెంతో రామక్క అడుగుతోంది. నిల్చుంటే తల తగలకూడదట. ఇంటర్లో నాకంటే నాలుగు వేళ్లు ఎక్కువుండేదానివి, ఆ లెక్కనే చెప్పాను. ఇంకా పెరిగావేమో శుక్రవారం వచ్చాక చూస్తారట, అప్పటిదాకా గుంజలు పాతరు.

యశోద